దస్తావేజులో లేని వాక్యం

మా పెద్ద మేనత్త తన ఇంటిని కొడుకు పేరిట గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన ఐదేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ దస్తావేజు నకలును నా చేతిలో పెట్టి, "నువ్వు చదువుకున్నదానివి కదమ్మా, నన్ను కడదాకా చూసుకుంటాడని ఇందులో ఎక్కడ రాసి ఉందో చూపించు" అని అడిగింది. ఆ మాట అందులో ఉందని ఆమె నమ్మకం, ఎందుకంటే సంతకం పెట్టిన రోజున ఇంట్లో అందరూ ఆ మాటే అనుకున్నారు, బావ కూడా అన్నాడు. నాలుగు పేజీలనూ మొదటి అక్షరం నుంచి చివర సాక్షుల సంతకాల వరకు రెండుసార్లు చదివాను. "నీ యందు నాకు గల ప్రేమాభిమానములను పురస్కరించుకొని" అని ఉంది. "ఈ దినమే నీ స్వాధీనపరచడమైనది" అని ఉంది. "పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వ హక్కులతో అనుభవించగలవాడవు" అని ఉంది. "ఇకమీదట సదరు ఆస్తిలో నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కులు లేవు" అన్న వాక్యమైతే, మిగతా వాటికంటే స్పష్టంగా, ఆమె సంతకానికి సరిగ్గా పైన ఉంది. ఆమె వెతుకుతున్న వాక్యం మాత్రం ఎక్కడా లేదు.

నేను న్యాయవాదిని కాను. అయితే ఆ మధ్యాహ్నం తర్వాత మేనత్తతో పాటు ఆర్డీఓ కార్యాలయం చుట్టూ తిరిగిన నెలల్లోనూ, ఆ తర్వాత మా నాన్నగారి కాగితాలు సర్దడానికి కూర్చున్నప్పుడూ తెలుసుకున్న విషయాలు, తల్లిదండ్రులకు అరవై దాటిన ప్రతి ఇంట్లోనూ ముందే తెలిసి ఉండాలని గట్టిగా అనిపించి ఇది రాస్తున్నాను. ఇందులో వారసత్వం గురించి చెప్పేదంతా హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబాల గురించి. ముస్లిం కుటుంబాలలో, ఇతర వారసుల సమ్మతి లేకుండా, అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వడానికి వీలుండదు. క్రైస్తవ కుటుంబాలకు 1925 నాటి భారత వారసత్వ చట్టంలోనే వేరే నియమాలు ఉన్నాయి.

ముందు గిఫ్ట్ డీడ్ సంగతి. స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఇచ్చేవారు సంతకం చేసి, కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువీకరించిన దస్తావేజును రిజిస్టరు చేయించాలి, పుచ్చుకునేవారు దాత బతికి ఉండగానే దానిని స్వీకరించాలి. ఇంతటితో ఆస్తి చేతులు మారిపోతుంది. మనసు మారింది కనుక తిరిగి ఇచ్చెయ్యమని అడిగే హక్కు దాతకు ఆ తర్వాత ఉండదు. మోసమో బలవంతమో జరిగిందని రుజువు చేయగలిగితేనో, దాత ఇష్టాయిష్టాలతో సంబంధం లేని ఫలానా సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఇద్దరూ ముందే ఒప్పుకుని ఉంటేనో తప్ప, ఆ చట్టంలోని 126వ సెక్షన్ రద్దుకు దారి ఇవ్వదు. పిల్లలు పట్టించుకోకపోతే రాసిచ్చినది రద్దు చేసుకోవచ్చులే అని ఊళ్లలో, బంధువుల ఇళ్లలో చాలామంది ధీమాగా చెబుతుంటారు. వాళ్లు చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు గాని, అందులో అతి ముఖ్యమైన షరతు ఒకటి జారిపోయింది.

ఆ షరతు 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్‌లో ఉంది. ఆ చట్టం అమలులోకి వచ్చిన తర్వాత, అరవై ఏళ్లు నిండిన వ్యక్తి తన కనీస సౌకర్యాలనూ శారీరక అవసరాలనూ చూసుకోవాలన్న షరతుకు లోబడి ఆస్తిని గిఫ్ట్ ద్వారా గాని మరో విధంగా గాని బదిలీ చేసినప్పుడు, పుచ్చుకున్నవారు ఆ పని చేయకపోతే, ఆ బదిలీ మోసం వల్లనో బలవంతం వల్లనో అనుచిత ప్రభావం వల్లనో జరిగినట్టే భావించి, ఇచ్చినవారు కోరితే ట్రిబ్యునల్ దానిని చెల్లదని ప్రకటించవచ్చు. ఇందులో "షరతుకు లోబడి" అన్న మాటే ప్రాణం. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, కూతుళ్ల పేరిట తల్లి రాసిన ఒక హక్కు విడుదల దస్తావేజు విషయంలో, అటువంటి షరతు ఉన్నట్టు చూపనప్పుడు ఈ సెక్షన్ కింద రద్దు కుదరదని చెప్పింది. 2025 జనవరి 2న మరో తల్లి కేసులో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోరి చేసిన చట్టం కాబట్టి ఉదారంగా అన్వయించాలని చెప్పి, గిఫ్ట్ డీడ్‌తో పాటు తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన వచనపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, దానాన్ని రద్దు చేసి ఆస్తిని తల్లికి తిరిగి స్వాధీనపరచాలని ఆదేశించింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించిన తేడా ఇదే: ఒక తల్లి చేతిలో కాగితం ఉంది, మరో తల్లి చేతిలో లేదు.

మా మేనత్త చేతిలో కూడా లేదు. ట్రిబ్యునల్ అంటే మన దగ్గర ఆర్డీఓ స్థాయి అధికారి ముందు జరిగే విచారణ. దానికి లాయరును పెట్టుకోనక్కరలేదు, వృద్ధులు స్వయంగా గాని, వారు అధికారమిచ్చిన మరొకరు గాని అర్జీ ఇవ్వవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి తొంభై రోజుల్లో భరణం విషయం తేల్చాలని, ప్రత్యేక కారణాలుంటే మరో ముప్పై రోజులు మాత్రమే పొడిగించాలని చట్టం చెబుతుంది. నెలకు పదివేల రూపాయలకు మించకుండా భరణం నిర్ణయించే అధికారం చట్టంలో ఉంది. ఆమెకు ఆ భరణం ఆర్డరు వచ్చింది, ఇల్లు రాలేదు. విచారణ చేసిన అధికారి ఆమెతో చాలా గౌరవంగా మాట్లాడారు, దస్తావేజును ఆయన కూడా నాలాగే రెండుసార్లు చదివారు. "అమ్మా, మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను, కానీ ఇందులో లేదు" అని ఆయన అన్నప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

బావ దుర్మార్గుడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. వ్యాపారంలో దెబ్బతిని, ఇంటిని తాకట్టు పెట్టి, ఆ తర్వాత అమ్మేందుకు బేరం పెట్టుకున్న మనిషి అతను. అమ్మను వీధిలో వదిలెయ్యాలన్న ఆలోచన అతనికి ఏనాడూ లేదనే ఇప్పటికీ నా నమ్మకం. అందుకే ఈ విషయంలో నా ఉద్దేశం మరింత బలపడింది. పిల్లలు మంచివాళ్లయినా వాళ్లకు అప్పులు రావచ్చు, విడాకులు కావచ్చు, వాళ్లే ముందుగా కన్నుమూయవచ్చు. గిఫ్ట్ ఇచ్చిన ఇల్లు ఆ క్షణం నుంచి వాళ్ల అప్పులవాళ్లకూ వాళ్ల వారసులకూ అందుబాటులోకి వెళ్లిన ఆస్తి. తల్లి ఉండే గది దానికి మినహాయింపు కావాలంటే, ఆ మినహాయింపు దస్తావేజులో రాసి ఉండాలి.

ఎలా రాయాలంటే రెండు దారులు కనిపించాయి. ఒకటి, పోషణ షరతును సూటిగా రాయడం: దాతకు జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం అందించాలన్న షరతుపైనే ఈ దానం చేస్తున్నామని, అందులో విఫలమైతే 2007 చట్టంలోని 23వ సెక్షన్ వర్తిస్తుందని, పుచ్చుకునేవారు దానికి ఒప్పుకుని సంతకం చేస్తున్నారని దస్తావేజులోనే ఉండాలి. రెండోది, యావజ్జీవ అనుభవ హక్కును తమకే ఉంచుకుని యాజమాన్య హక్కును మాత్రం ఇవ్వడం. తాము బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, దాని అద్దెలు తీసుకునే హక్కు దాతకే ఉంటాయని రాసుకున్న గిఫ్ట్ చెల్లుతుందని, స్వాధీనం అప్పగించలేదన్న కారణంతో అది వీగిపోదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. వీలైతే రెండింటినీ ఒకే దస్తావేజులో పెట్టించడం మేలని నా అభిప్రాయం. దస్తావేజు రాసేవారి దగ్గర అచ్చు నమూనా ఒకటి ఉంటుంది, పేర్లూ హద్దులూ మార్చి ఇచ్చేస్తారు, ఆ నమూనాలో ఈ వాక్యాలు ఉండవు. అడిగితే చేరుస్తారు. అడగాలని తెలియకపోవడమే మా ఇంట్లో జరిగింది.

అయితే అసలు బతికుండగా రాసివ్వాల్సిన అవసరం ఎంతమందికి ఉంటుంది? చాలా ఇళ్లలో గిఫ్ట్ డీడ్‌కు కారణం, తర్వాత గొడవలు రాకూడదన్న కోరిక ఒక్కటే. ఆ పనిని వీలునామా ఇంతకంటే క్షేమంగా చేస్తుంది, ఎందుకంటే రాసినవారు కన్నుమూసేదాకా అది అమలులోకి రాదు, బుద్ధి స్థిరంగా ఉన్నంతకాలం దానిని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పూర్తిగా రద్దు చేసుకోవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం అసలు పోయినా నకలు దొరుకుతుంది, కాబట్టి చేయించమనే చెబుతాను. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచుకునే సౌకర్యం కూడా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, దీనిని వాడుకునేవారు తక్కువ.

వీలునామా విషయంలో తప్పనిసరిగా ఉండవలసినది సాక్ష్యం. రాసినవారు సంతకం చేయడాన్ని ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోట వినాలి, ఆపైన ఆ ఇద్దరూ ఆయన సమక్షంలో సంతకం చేయాలి. రేపు ఎవరైనా కాదంటే ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి చెప్పాలి. ఇందువల్లే డెబ్బై అయిదేళ్ల నాన్నగారి వీలునామాకు ఆయన ఈడు స్నేహితులిద్దరిని సాక్షులుగా పెట్టడం నాకు సరైనదిగా తోచలేదు. ఆయనకంటే వయసులో చిన్నవారు, వీలునామా వల్ల ఒక్క రూపాయి కూడా రానివారు, పిలిస్తే వచ్చేంత దగ్గరలో ఉండేవారు కావాలి. ఆయనకు వైద్యం చేస్తున్న డాక్టరు ఒక సాక్షిగా ఉంటే, బుద్ధి స్థిమితంగా ఉందా లేదా అన్న ప్రశ్నకు అప్పుడే సమాధానం దొరుకుతుంది. ఆస్తిలో పెద్ద వాటా రాబోయే కొడుకో కూతురో దగ్గరుండి రాయించడం, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయానికి తీసుకువెళ్లడం, మిగతా పిల్లలకు ఎందుకు ఇవ్వలేదో ఒక్క ముక్క కూడా రాయకపోవడం: ఇటువంటి అనుమానాస్పద పరిస్థితులు ఉంటే వాటిని తొలగించే భారం ఆ వీలునామాను నమ్ముకున్నవారిదేనని 1950ల నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఒక బిడ్డకు తక్కువ ఇస్తున్నప్పుడు కారణం రాయాలి, అదీ నొప్పించకుండా రాయాలి. "పెద్దమ్మాయి పెళ్లికీ ఇంటి స్థలానికీ ఇదివరకే ఇచ్చి ఉన్నాము" అన్న ఒక్క వాక్యం అక్కచెల్లెళ్ల మధ్య మాటలు తెగిపోకుండా ఇరవై ఏళ్లు కాపాడుతుంది.

రాయకపోతే ఏమవుతుందో కూడా చాలామందికి తప్పుగా తెలుసు. భర్త పోతే ఇల్లు భార్యదవుతుందని ఎక్కువమంది అనుకుంటారు. హిందూ పురుషుడు వీలునామా లేకుండా మరణిస్తే 1956 చట్టం ప్రకారం అతని ఆస్తి మొదటి తరగతి వారసులందరికీ వెళ్తుంది: భార్య, కొడుకులు, కూతుళ్లు, ఇంకా అతని తల్లి బతికి ఉంటే ఆమె కూడా. ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్న మనిషి పోతే, తాను ముప్పై ఏళ్లు సంసారం చేసిన ఇంట్లో భార్యకు వచ్చేది నాలుగో వంతు. తండ్రి మొదటి తరగతిలో లేడు. స్త్రీ విషయం వేరు. పిల్లలూ భర్తా లేని స్త్రీ వీలునామా రాయకుండా పోతే, ఆమె కష్టార్జితం మొదట భర్త వారసులకు వెళ్తుంది, ఆమెను కన్నవారికీ తోబుట్టువులకూ ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. ఉద్యోగం చేసి సొంతంగా ఇల్లు కొనుక్కున్న, పిల్లలు లేని వితంతువులు నా బంధువుల్లోనే ఇద్దరు ఉన్నారు, ఇద్దరికీ ఈ సంగతి తెలియదు. మరొక మాట: వీలునామా రాయగలిగేది తన స్వార్జితానికీ, పిత్రార్జితంలో తన వాటాకూ మాత్రమే. 2005 సెప్టెంబరు 9న వచ్చిన సవరణతో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది, ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది మరచి పొలమంతా ఒక కొడుక్కి రాసేసిన వీలునామాలు ఆ మేరకు నిలవవు.

బ్యాంకు నామినీ గురించి క్లుప్తంగా చెబుతాను. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, అందుకున్నదంతా తనది కాదు, వారసులకూ వీలునామాలో పేరున్నవారికీ అప్పగించవలసిన బాధ్యత ఉన్నవారు. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారిదే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల వరకు పెట్టుకునే వీలు వచ్చింది. వీలునామాలో ఒకరి పేరు, బ్యాంకులో మరొకరి పేరు ఉండకుండా రెండింటినీ ఒకే రోజు సరిచూసుకోవడం మంచిది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది మరణానంతర విషయాలు కాదు. మనిషి బతికే ఉండి, సంతకం పెట్టలేని కాలం గురించి మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిన నాలుగు నెలలు మాకు అది తెలిసివచ్చింది. ఆయన పెన్షను ఆయన ఖాతాలోనే పడుతోంది, చెక్కు మీద సంతకం కుదరడం లేదు, అమ్మ పేరు ఆ ఖాతాలో లేదు. చివరికి బ్యాంకు అధికారి ఇంటికి వచ్చి, మంచం పక్కన కూర్చుని, మరో సాక్షి ఎదుట ఆయన ఎడమ బొటనవేలి ముద్ర తీసుకున్నారు. ఇంకు అంటిన ఆ వేలిని అమ్మ కొంగుతో తుడుస్తుంటే, తాలూకాఫీసులో ముప్పై ఏళ్లు అందమైన దస్తూరితో ఫైళ్లు రాసిన మనిషి గోడ వైపు తిరిగిపోయారు. అనారోగ్యంతో సంతకం చేయలేనివారి వేలిముద్రను ఇద్దరు సాక్షుల గుర్తింపుతో, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండగా, తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. మాకు ఆ దారి పనికొచ్చింది, ఎందుకంటే ఆయన తెలివితోనే ఉన్నారు.

తెలివి తప్పితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ముందుగా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిపెట్టుకుంటే సరిపోతుందని నేనూ అనుకున్నాను. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారు మరణించినా, మతిస్థిమితం కోల్పోయినా ఆ అధికారం ముగిసిపోతుంది. అంటే సరిగ్గా అవసరం పడే రోజునే అది చెల్లదు. కోమాలో ఉన్నవారి ఆస్తి నిర్వహణకు కుటుంబాలు హైకోర్టుకు వెళ్లి, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద సంరక్షకుడిని నియమించుకోవలసి వస్తోంది. దంపతుల ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా, లేదా జీవించి ఉన్నవారు నడుపుకునేలా ఉమ్మడిగా మార్చుకోవడం, దీనంతటికీ బ్యాంకులో ఒక్క ఫారంతో అయ్యే ముందుజాగ్రత్త. పక్షవాతం నుంచి తేరుకున్నాక నాన్నగారు చేసిన మొదటి పని అదే.

ఆసుపత్రి నిర్ణయాలకు కూడా ఒక కాగితం ఉంది. నయమయ్యే ఆశ లేని స్థితిలో యంత్రాల మీద ప్రాణం నిలపవద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కును, కామన్ కాజ్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట మేజిస్ట్రేటు ధ్రువీకరణ అవసరమయ్యేది, 2023 జనవరిలో దానిని సడలించి, ఇద్దరు సాక్షులతో పాటు నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలన్నారు. తన తరఫున మాట్లాడవలసినవారి పేరు అందులో రాయాలి. దీని గురించి నాన్నగారితో ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను నెల రోజులు తటపటాయించాను. చెప్పిన రోజున ఆయన శ్రద్ధగా విని, "మీ ముగ్గురిలో ఎవరి మీదా ఆ నిర్ణయం పడకూడదు, రాసేద్దాం" అన్నారు.

వీలునామా చిత్తుప్రతిని నాన్నగారు ఎడమచేత్తో నేర్చుకున్న కొత్త దస్తూరిలో తానే రాసుకున్నారు. సంతకాల రోజుకు ముందు సాయంత్రం మమ్మల్ని ముగ్గురినీ, అమ్మనూ కూర్చోబెట్టి చదివి వినిపించారు. ఇల్లు ముగ్గురు పిల్లలకూ సమానంగా, అమ్మకు యావజ్జీవం అందులో నివసించే హక్కు, పొలం ఎవరికెంతో సర్వే నంబర్లతో సహా, ఇందులో పేర్కొనని ఆస్తి ఏదైనా ఉంటే అది అమ్మకు, అమలు జరిపే బాధ్యత మా చిన్నాన్న కొడుకుకు. చదవడం అయిపోయాక కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మేనత్త దస్తావేజు సంగతంతా దగ్గరుండి చూసిన అమ్మ, కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని తన చేతిలోకి తీసుకుంది.

"నేను ఉండొచ్చని ఉందండీ, బాగానే ఉంది. పై వాటా అద్దె ఎవరు తీసుకోవాలో ఇందులో ఎక్కడ ఉంది?" అని అడిగింది.

ఎక్కడా లేదు. నాన్నగారు ఆ పేజీని పక్కన పెట్టి, కొత్త కాగితం తీసుకుని, మొదటి వాక్యం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు.